లీమా నుంచి కుస్కోకి: విమానమా, బస్సా, మధ్యలో ఆగుతూనా?

ఒయాంతాయ్‌తాంబో అనే కొండ ఊళ్ళో హోటల్ గదికి చేరగానే అమ్మ చేసిన మొదటి పని ఆవకాయ సీసా మూత తిప్పడం. బుస్సుమంది. మూత అంచు నుంచి ఎర్రటి నూనె చిమ్మి తెల్ల దుప్పటి మీద నాలుగు చుక్కలు పడ్డాయి. "పాడైపోయిందంటావా?" అంది అమ్మ, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని. పచ్చడికేం కాలేదు. పొద్దున్న పెరూ రాజధాని లీమాలో, సముద్రం పక్కన, గట్టిగా బిగించిన సీసా అది. మధ్యాహ్నం మూడింటికల్లా 2,800 మీటర్ల ఎత్తుకొచ్చేసింది. లోపలున్నది ఒత్తిడి ఎక్కువగా ఉన్న లీమా గాలి, బయటున్నది పల్చటి కొండగాలి. మూత వదులవగానే లోపలి గాలి తన దారి తను చూసుకుంది.

లీమా నుంచి, ఇంకాల కాలపు కొండ నగరం మాచు పిచ్చు చూసేవాళ్ళు దిగే కుస్కోకి ఎలా వెళ్ళాలని ఎవరడిగినా నేను ముందు ఈ సీసా సంగతే చెబుతాను. దూరం ఎంత, ఎన్ని గంటలు అన్నవి ఫోన్‌లో ఎవరైనా చూసుకోగలరు. ఈ రెండు ఊళ్ళ మధ్య అసలు తేడా నిలువుగా ఉంది. లీమా విమానాశ్రయం సముద్రమట్టానికి ముప్పై నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే కుస్కో నడిబొడ్డు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన తెలుగు నేల మీద, తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లు దాటదు. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఆ కొన మీద ఉన్న ఊరు కుస్కో.

నేను ఈ దారిలో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి రూమ్మేట్‌తో, బస్సులో. రెండోసారి అమ్మానాన్నలతో, విమానంలో. మధ్యలో ఆగుతూ అరెకీపా అనే ఊరి మీదుగా వెళ్ళే మూడో పద్ధతి ఒకటుంది. దాని గురించీ చెబుతాను, ఎందుకంటే సెలవు చేతిలో ఉన్నవాళ్ళకి నా ఓటు దానికే.

దూరం ఒకటే, లెక్కలు రెండు

మ్యాప్ మీద గీత గీస్తే లీమా నుంచి కుస్కోకి సుమారు 575 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి రోడ్డు మీద వెళ్తే ఎంతో దాదాపు అంత. ఇదే చూసి, "రాత్రి స్లీపర్ ఎక్కితే పొద్దున్నే దిగిపోతాం" అనుకుని బస్సు టికెట్ కొన్నవాళ్ళలో మా రూమ్మేట్ ఒకడు.

రోడ్డు దూరం సుమారు 1,100 కిలోమీటర్లు. మధ్యలో ఆండీస్ అడ్డం. అందుకని బస్సు ముందు తీరం వెంబడి దక్షిణానికి నాస్కా దాకా 450 కిలోమీటర్లు ఎడారిలో పోతుంది. అక్కడ ఎడమకి తిరిగి కొండలెక్కడం మొదలుపెడుతుంది. పూకియో, చల్వాంకా, అబాంకై మీదుగా కుస్కో. బస్సు కంపెనీలు ఇరవై, ఇరవై రెండు గంటలంటాయి. ఇరవై నాలుగైనా ఎవరూ ఆశ్చర్యపోరు.

విమానం టికెట్ మీద ఉండే సమయం గంటా ఇరవై నిమిషాల చిల్లర. గాల్లో ఉండేది ఇంచుమించు గంటే. అయితే లీమా ట్రాఫిక్ సంగతి తెలియనివాళ్ళు ఈ గంటా ఇరవైనే నమ్ముకుంటారు. యాత్రికులు ఎక్కువగా దిగే మీరాఫ్లోరెస్ నుంచి కయావోలో ఉన్న హోర్హే చావెస్ విమానాశ్రయానికి తెల్లవారుజామునైతే ముప్పావుగంట, సాయంత్రమైతే గంటన్నర. అక్కడ రెండు గంటల ముందు ఉండాలి. కుస్కోలో మాత్రం విమానాశ్రయం ఊళ్ళోనే ఉంది, నడిబొడ్డుకి ఐదు కిలోమీటర్లు. అన్నీ కలుపుకుంటే గుమ్మం నుంచి గుమ్మానికి ఐదున్నర, ఆరు గంటలు. అంటే ఒక పూట. బస్సుకైతే ఒక పగలూ ఒక రాత్రీ, దిగాక నడుం సాపుకోవడానికి మరో పూట.

రైలు లేదు. కుస్కో నుంచి మాచు పిచ్చుకీ, టిటికాకా సరస్సు ఒడ్డునున్న పూనోకీ పట్టాలున్నాయి గానీ లీమాకి ఆ పట్టాలు కలవవు. లీమా నుంచి కొండల్లోకి వెళ్ళే రైలుమార్గం వేరే ఉంది, అది 4,781 మీటర్ల ఎత్తులో సొరంగం దూరి హువాంకాయో వైపు పోతుంది. అద్దెకారు ఆలోచన ఉంటే మానుకోండి. మలుపులు, మంచు, లారీలు, రాత్రి చీకటి, పైగా డ్రైవరుకే తలనొప్పి.

లేహ్ వెళ్ళినవాళ్ళకి వివరించక్కర్లేదు

ఢిల్లీ నుంచి లేహ్ విమానం కూడా ఇంతే సేపు. లేహ్ ఎత్తు కూడా ఇంచుమించు ఇంతే, 3,500 మీటర్లు. హైదరాబాద్ నుంచి బుల్లెట్లు రైల్లో పార్సిల్ చేసుకుని మనాలి నుంచి నడుపుకుంటూ వెళ్ళిన కుర్రాళ్ళని అడగండి, సర్చూలో రాత్రి ఎలా గడిచిందో కథలు కథలుగా చెబుతారు. ఎత్తు వల్ల వచ్చే ఆ జబ్బుకి పెరూలో పేరు సొరోచే. తల పట్టేసినట్టుండటం, వికారం, ఆకలి చచ్చిపోవడం, నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం. కుస్కోలో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులు. ఒక్కో శ్వాసకి అందే ప్రాణవాయువూ అంతే. నీళ్ళు కూడా 88, 89 డిగ్రీలకే మరిగిపోతాయి. అమ్మకి ఈ మాట చెబితే వెంటనే అడిగింది: "అయితే కందిపప్పు ఉడుకుతుందా?" కుక్కర్ లేకపోతే గగనమే.

ఎవరికి వస్తుందో ముందే చెప్పలేం. కండలు తిరిగినవాడు పడిపోవచ్చు, డెబ్భై ఏళ్ళాయన కాఫీ తాగుతూ తిరగొచ్చు. వయసూ వ్యాయామమూ ఇక్కడ పెద్దగా లెక్కలోకి రావు. లెక్కలోకి వచ్చేది ఎంత తొందరగా ఎక్కారు, ఆ రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారు అన్నది. అమెరికా ఆరోగ్యశాఖలోని సీడీసీ యాత్రికులకి చెప్పే సలహా కూడా ఇదే: కింది నుంచి ఒక్కరోజులో 2,750 మీటర్లు దాటిన చోటికి వెళ్ళి పడుకోవద్దు, ఆ తర్వాత నిద్రపోయే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు.

ఇక మీ టికెట్లన్నీ ఈ ఒక్క వాక్యం పక్కన పెట్టి చూడండి. లీమా నుంచి ఎగిరి కుస్కోలో పడుకుంటే ఒకే రోజులో 3,400. గీత దాటి 650 మీటర్లు పైకి పోయారు. కానీ విమానం ఎక్కినంత మాత్రాన కుస్కోలోనే పడుకోవాలని ఎవరూ శాసించలేదు కదా.

బస్సు మీద ఒక అపోహ

"బస్సులో వెళ్తే నెమ్మదిగా ఎక్కుతాం కాబట్టి ఒళ్ళు అలవాటు పడుతుంది." ఇది చాలామంది చెబుతారు, మేమూ నమ్మాం. ఆ ఇరవై రెండు గంటలు ఏ ఎత్తుల్లో గడుస్తాయో ఎవరూ చూడరు.

మధ్యాహ్నం లీమాలో బయల్దేరాం. బస్సు కదిలేముందు ఒకాయన చిన్న కెమెరాతో ఎక్కి ఒక్కొక్కరి మొహం వీడియో తీసుకుంటూ పోయాడు. ఆ దేశంలో దూరపు బస్సుల్లో అది మామూలే, భద్రత కోసం. ఎవరు పక్కన కూర్చున్నారో రికార్డు ఉంటుంది. కింది అంతస్తులో వెడల్పాటి సీట్లు, దాదాపు మంచంలా వెనక్కి వాలతాయి. పైన కాస్త తక్కువ వాలేవి. మేం కిటికీ కోసం పైన కొన్నాం. తప్పు. మలుపుల్లో పై అంతస్తు ఊగినట్టు కింద ఊగదు.

రాత్రి నాస్కా వచ్చింది. అది ఐదారు వందల మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి తొంభై కిలోమీటర్లు పోయేసరికి పంపా గలేరాస్ అనే చోట నాలుగు వేల మీటర్ల దగ్గరుంటాం. పగలైతే వికూన్యాలు గుంపులుగా మేస్తూ కనిపిస్తాయట. లేళ్ళలా సన్నగా ఉంటాయి, ఒంటెల చుట్టాలు. మాకు కనిపించింది అద్దం మీద మంచు. అక్కణ్ణుంచి కొంచెం దిగితే పూకియో, మళ్ళీ ఎక్కితే 4,500 దాటిన పీఠభూమి. తెల్లవారుజాము మూడింటికి నాకు మెలకువొచ్చింది. ఎవరో లోపలి నుంచి కణతలు నొక్కుతున్నట్టుంది. ముందు సీట్లో చిన్నపిల్ల వాంతి చేసుకుంటోంది. మా రూమ్మేట్ మంచినీళ్ళ సీసా నుదుటికి ఆనించుకుని కూర్చున్నాడు. చుట్టూ ఉన్న స్థానికులు గురకలు పెడుతున్నారు.

తెల్లారేసరికి 2,900 మీటర్ల చల్వాంకా, ఆ తర్వాత 2,400 దగ్గర అబాంకై. అక్కడ తలనొప్పి మంత్రం వేసినట్టు తగ్గింది. తిరిగి నాలుగు వేల దాకా ఎక్కడం, అపురీమాక్ నది వంతెన దగ్గరికి రెండు వేల కిందికి దిగడం, చివరికి కుస్కో. ఇది మెట్లెక్కినట్టు ఎక్కడం కానే కాదు, ఉయ్యాల. అందులోనూ అత్యంత ఎత్తైన భాగం రాత్రిపూట, నిద్రలో, కదలకుండా కూర్చున్నప్పుడు. కుస్కోలో దిగాక విమానంలో వచ్చినవాళ్ళకన్నా మాకేదైనా మేలు జరిగిందా అంటే, కొంచెం జరిగి ఉండొచ్చు. ఆ కొంచెం కోసం చెల్లించిన ధర ఒక నరకపు రాత్రి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అబాంకై దాటాక అపురీమాక్ లోయలోకి దిగే ఆ రెండు గంటలు నా జీవితంలో చూసిన రోడ్డుప్రయాణాల్లో మొదటి మూడింట్లో ఉంటాయి. నది ఎక్కడో అడుగున దారంలా కనిపిస్తుంది. అరగంట దిగినా దారంలానే ఉంటుంది. ఆ లోయ చూడాలన్న కోరిక ఉంటే కుస్కోలో నాలుగు రోజులున్నాక, ఒళ్ళు అలవాటు పడ్డాక, పగటిపూట అబాంకై దాకా వెళ్ళి రండి. అందుకోసం లీమా నుంచి బస్సెక్కక్కర్లేదు.

డబ్బు విషయం: బస్సు చవక అన్నది సగం నిజం. లాటామ్‌తో పాటు స్కై, జెట్‌స్మార్ట్ లాంటి చవక విమానాలు ఈ దారిలో రోజూ ఎన్నో తిరుగుతాయి. నెల ముందు కొంటే బస్సులో మంచి సీటు ధరకి దగ్గరగా విమానం టికెట్ దొరికే రోజులుంటాయి. కాకపోతే చవక టికెట్‌లో చేతిసంచి మాత్రమే ఉంటుంది. పెట్టెకి, సీటుకి విడిగా కట్టాలి, గేటు దగ్గర కడితే ఇంకా వాత. మన సామాన్లతో, అంటే పచ్చళ్ళు, అటుకులు, స్వెటర్లు, నాన్న మందుల డబ్బా, లెక్క వేస్తే మొదట చూపించిన ధర ఎవరికీ వర్తించదు. అదంతా కలిపి చూశాకే బస్సుతో పోల్చండి.

వర్షాకాలం, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, బస్సుకి ఇంకో గండం: వాయ్కోలు. కొండ మీంచి బురదా రాళ్ళూ కలిసి రోడ్డు మీదికి జారిపడతాయి. అవి తీసేదాకా బస్సు ఉన్నచోటే. దానికితోడు ఆందోళనకారులు రోడ్డు మీద బండలు పెట్టి ఆపేయడం దక్షిణ పెరూలో కొత్త కాదు. 2022 డిసెంబరులో అధ్యక్షుడు పెద్రో కాస్తియోని పదవి నుంచి తీసేశాక జరిగిన గొడవల్లో రోడ్లే కాదు, కుస్కో విమానాశ్రయమూ కొన్నిసార్లు మూతపడింది. 2023 జనవరిలో మాచు పిచ్చునే మూసేశారు. అలాంటప్పుడు ఏదెక్కినా ఒకటే. మామూలు రోజుల్లో చిన్నాచితకా బంద్‌లకి మాత్రం ఇరుక్కునేది బస్సులే.

విమానం, మొదటి రాత్రి ఎక్కడ

అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నాకు బస్సు అన్న మాటే తట్టలేదు. నాన్నకి అరవై ఎనిమిది, బీపీ మాత్రలు. ఇక మిగిలింది దిగాక ఏం చేయాలన్నదే.

అందరూ చేసేదేమిటి? విమానం దిగి, కుస్కోలో హోటల్‌కి వెళ్ళి, రెండు రోజులు అలవాటు పడి, అప్పుడు మాచు పిచ్చు. మాచు పిచ్చు పేరు వినగానే ఆకాశంలో ఉన్నట్టు ఊహించుకుంటాం కాబట్టి ఇది సహజంగానే తోస్తుంది. కానీ మాచు పిచ్చు కుస్కో కన్నా దాదాపు కిలోమీటరు కింద ఉంది, 2,430 మీటర్లు. దాని కిందున్న అగ్వాస్ కాలియెంతెస్ ఊరు ఇంకా కింద, రెండు వేల చిల్లర. మధ్యదారిలో ఉరుబంబా లోయ ఊళ్ళు 2,800, 2,900 మీటర్లు. అంటే కుస్కోలో పడుకుని అలవాటు పడటమంటే మేడ మీదికెక్కి మొదటి అంతస్తుకి అలవాటు పడినట్టు.

మేం తిరగేశాం. పొద్దున విమానం, కుస్కో విమానాశ్రయం బయటే ముందుగా మాట్లాడుకున్న కారు, రెండు గంటల్లో ఒయాంతాయ్‌తాంబో. దారిలో చిన్‌చెరో దగ్గర రోడ్డు 3,700 మీటర్లు దాటుతుంది. అక్కడ ఫొటోల కోసం ఆగమని డ్రైవరు అడుగుతాడు, నవ్వుతూ వద్దనండి. (అక్కడే కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం కడుతున్నారు. ఉన్న విమానాశ్రయం కన్నా ఇంకా నాలుగొందల మీటర్ల ఎత్తులో! అది తెరిచాక ఈ సలహా ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తుంది.) రెండు రాత్రులు ఒయాంతాయ్‌తాంబోలో. 2,790 మీటర్లు, దాదాపు సీడీసీ గీత మీదే. మూడో రోజు రైల్లో గంటా నలభై నిమిషాలు, మాచు పిచ్చు. చివర్లో కుస్కో. అప్పటికి నాన్న అక్కడి శాన్ బ్లాస్ పేట మెట్లు ఆగి ఆగి ఎక్కాడు గానీ ఎక్కాడు.

అదే వారంలో మాకు తెలిసిన ఇంకో కుటుంబం లీమాలో అర్ధరాత్రి దిగి, విమానాశ్రయం కుర్చీల్లోనే కునికి, తెల్లవారుజాము విమానంలో కుస్కో చేరి, ఆ మధ్యాహ్నమే ఊరు చూడ్డానికి బయల్దేరింది. అమెరికా నుంచి వచ్చే చాలా విమానాలు లీమాకి రాత్రిపూటే చేరతాయి కాబట్టి ఈ టికెట్ల జత కాగితం మీద ముద్దొస్తుంది. వాళ్ళు మరుసటి రోజంతా హోటల్ ఆక్సిజన్ సిలిండర్ దగ్గర వరస కట్టారు. నిద్రలేమి, ఒంట్లో నీళ్ళు లేకపోవడం, వాటి మీద 3,400 మీటర్లు. లీమాలో ఒక రాత్రి కాళ్ళు చాపుకుని పడుకుంటే పోయేదానికి. పైగా అంతర్జాతీయ విమానం దిగితే లీమాలోనే ఇమ్మిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ పెట్టెలు ఇవ్వడం ఉంటాయి. మధ్యలో మూడు గంటల కన్నా తక్కువుంటే గుండె దడ ఉచితం. 2025 జూన్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు కాబట్టి పాత వీడియోలు చూసి దారులు గుర్తుపెట్టుకోవద్దు.

ఏ వేళ విమానం అంటే, పొద్దున్నే వెళ్ళేది. కుస్కో రన్‌వే చుట్టూ కొండలు. మబ్బు దిగినా గాలి తిరిగినా విమానాలు వెనక్కి లీమాకి పోవడమో గంటలకొద్దీ ఆగడమో జరుగుతుంది. పొద్దున విమానం రద్దైతే సాయంత్రానిదేదో దొరుకుతుంది, సాయంత్రానిదే రద్దైతే రేపే. మాచు పిచ్చు టికెట్టు, రైలు టికెట్టు రెండూ ఫలానా తేదీ ఫలానా గంటకని కొట్టి ఇస్తారు. అవి మీకోసం ఆగవు. దిగిన రోజుకో, మర్నాటి పొద్దుటికో మాచు పిచ్చు పెట్టుకోకండి.

విమానంలో ఒక వింత గమనించండి. మామూలుగా విమానం గాల్లో ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి 2,000 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, దిగేటప్పుడు నేలకి తగ్గట్టు పెంచుతారు. కుస్కోలో నేలే 3,300 మీటర్లు. అందుకని విమానం కిందికి దిగుతుంటే లోపల మాత్రం మనం పైకెక్కుతుంటాం. నాన్న చేతిలో చిప్స్ ప్యాకెట్ సరిగ్గా దిగేముందే బూరెలా ఉబ్బింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసి జాగ్రత్తగా బ్యాగులో పెట్టేశాడు, పేలుతుందని.

పది, పన్నెండు రోజులుంటే అరెకీపా

వారం రోజుల సెలవైతే పై పద్ధతే, ఇంకేం ఆలోచించకండి. పది రోజులు దాటితే మాత్రం మూడో దారి చూడాలి. లీమా నుంచి అరెకీపాకి విమానంలో గంటన్నర. ఎత్తు 2,335 మీటర్లు, అంటే సీడీసీ గీతకి కిందే. తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టిన ఊరు, వెనకాల 5,822 మీటర్ల మిస్తీ. శాంతా కాతలీనా మఠం ఒక్కదానికే ఒక పూట చాలదు. మూడు రాత్రులు ఉంటే ఒళ్ళు సగం పని చేసేసుకుంటుంది. అక్కణ్ణుంచి కుస్కోకి విమానంలో గంట, బస్సులో పది గంటలు. ఇక్కడ బస్సుకి నాకు అభ్యంతరం లేదు, మూడు రోజుల అలవాటు వెనకేసుకునే ఎక్కుతున్నారు కాబట్టి. పగటిది దొరికితే పగటిదే.

ఇంకా తీరిక ఉంటే లీమా నుంచే బస్సులో, ముక్కలు ముక్కలుగా: పరాకాస్‌లో సముద్రపక్షులు, ఇకా పక్కన ఇసుకతిన్నెల నడుమ వాకచీనా కొలను, నాస్కాలో చిన్న విమానమెక్కి నేల మీది గీతలు, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో అరెకీపా. తీరం రోడ్డు కాబట్టి ఎత్తు బాధ లేదు. పెరూలో బస్సు ప్రయాణం ఆస్వాదించాలంటే అది ఈ ముక్కలోనే.

అరెకీపా నుంచి కోల్కా లోయకి కాండోర్ పక్షుల కోసం వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ దారి పటపంపా దగ్గర 4,910 మీటర్లు తాకుతుంది. అరెకీపా చేరిన మర్నాడే ఆ పని పెట్టుకోవద్దు. పూనో మీదుగా కుస్కో వెళ్దామన్నవాళ్ళకీ ఇదే మాట: టిటికాకా సరస్సు 3,812 మీటర్లు, కుస్కో కన్నా ఎత్తు. దాన్ని ముందు కాదు, చివర్లో పెట్టుకోండి. రంగుల కొండ అని ఫొటోల్లో కనిపించే వినికుంకా ఐదు వేలు దాటుతుంది. అది కుస్కోలో కనీసం మూడు రోజులు గడిపాకే.

మందులు, ఆకు టీ

అసెటజోలమైడ్ అనే మాత్ర ఉంది, లేహ్ వెళ్ళేవాళ్ళు డయామాక్స్ అంటారు. ఎక్కడానికి ఒకరోజు ముందు మొదలుపెడతారు. డాక్టరుని అడక్కుండా వద్దు, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్ళు. వేళ్ళ చివర్లు జివ్వుమంటాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెత్తిస్తుంది, సోడా రుచి చేదెక్కుతుంది. ఇరవై రెండు గంటల బస్సులో ఆ మాత్ర వేసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మా రూమ్మేట్ చెప్పాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు టికెట్ కొనకముందే డాక్టరుతో మాట్లాడాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, నడకలో తూలడం, మాట తడబాటు కనిపిస్తే మందుల కోసం వెతుక్కోవడం కాదు, వెంటనే కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

కుస్కోలో ఏ హోటల్‌కి వెళ్ళినా లాబీలో వేడినీళ్ళూ కోకా ఆకులూ పెట్టి ఉంచుతారు. పెరూలో అది చట్టబద్ధం, మనకి అల్లం టీ ఎంతో వాళ్ళకి అదంత. అమ్మ ఒక గుక్క తాగి "కరివేపాకు కషాయంలా ఉంది" అంది. అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక: ఆ టీ తాగితే మూత్రపరీక్షలో కొకైన్ ఉన్నట్టు చూపించవచ్చు. కొత్త ఉద్యోగానికి డ్రగ్ టెస్ట్ ముందుంటే చామంతి టీతో సరిపెట్టుకోండి. ఆ టీ పొట్లాలు కానుకగా కొని అమెరికాకి తెచ్చే పని అసలు పెట్టుకోకండి, అక్కడవి నిషేధం.

తిరుగు ప్రయాణం

కుస్కో నుంచి లీమాకి వచ్చేటప్పుడు ఎత్తు గొడవ ఉండదు, కాబట్టి పోలికే లేదు: విమానం. ఉన్న ప్రమాదమల్లా ఆలస్యం. మధ్యాహ్నం కుస్కోలో ఎక్కి, రాత్రి లీమా నుంచి అమెరికా విమానం అందుకుందామని లెక్క వేసుకునేవాళ్ళు చాలామంది. రెండూ ఒకే టికెట్ మీద ఉంటే సర్లెండి, తప్పిపోయినా వాళ్ళే చూసుకుంటారు. విడివిడిగా కొంటే, అందులోనూ వర్షాకాలమైతే, లీమాలో ఒక రాత్రి పెట్టుకోండి. హోటల్ ఖర్చు కొత్త అంతర్జాతీయ టికెట్ కన్నా చవకే.

మేం పొద్దున తొమ్మిదిన్నరకి కుస్కోలో ఎక్కాం. పదకొండుకల్లా లీమాలో, బూడిదరంగు మబ్బు కింద, ఉప్పుగాలిలో ఉన్నాం. నాన్న కుస్కోలో సగం తాగి మూత బిగించిన నీళ్ళ సీసా బ్యాగులోంచి తీశాడు. ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంది. అమ్మ వెంటనే తన బ్యాగులో ఆవకాయ సీసా వెతుక్కుంది. అది గాజుది, దానికేం కాలేదు. మూత మాత్రం ఎంత తిప్పినా రాలేదు. హోటల్‌కి వెళ్ళాక చెంచా కాడతో అంచు కాస్త లేపి గాలి ఆడితే వచ్చింది.